రూఫ్ ర్యాక్ బిగించే ముందు చూసుకోవాల్సినవి

రూఫ్ ర్యాక్ అంటే సామాను కోసం బండి పైకప్పు మీద బిగించే చట్రం. దానికోసం స్పానర్ పట్టుకునే ముందు వాహనం మాన్యువల్ తెరవండి. పైకప్పు ఎంత బరువు మోయగలదో అందులో ఉంటుంది. ఆ లెక్కలో ర్యాక్ బరువూ కలుస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. పరిమితి 75 కిలోలై, ఉక్కు ర్యాకే 35 కిలోలుంటే, సామానుకు మిగిలేది 40. పైగా అది మామూలు రోడ్డు మీది లెక్క. గతుకుల్లో ప్రతి కుదుపుకీ పైకప్పు మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఇంకా తగ్గించుకోవాలి. ఆగి ఉన్న బండి పైన టెంట్‌లో ఇద్దరు పడుకోగలిగారంటే, అదే బరువుతో నడపొచ్చని కాదు.

• ర్యాక్ కాళ్లు కూర్చునే చోట దుమ్ము, ఇసుక తుడవండి. లేదంటే పెయింట్ గీసుకుపోతుంది.

• రంధ్రం చేయాల్సి వస్తే ముందు లోపలి లైనింగ్ దించి చూడండి. వైర్లు, పక్క ఎయిర్‌బ్యాగులు అక్కడే ఉంటాయి. బయటపడ్డ లోహానికి తుప్పు పట్టకుండా ప్రైమర్, ఆపైన నీళ్లు కారకుండా సీలెంట్ తప్పనిసరి.

• సన్‌రూఫ్, వెనక తలుపు పూర్తిగా తెరుచుకుంటాయా, యాంటెనా ర్యాక్‌కు తగులుతుందా చూడండి.

• ఎత్తడానికి ఇద్దరుండాలి. ఒంటరి సాహసం వద్దు, అద్దం పగిలేది అప్పుడే.

• బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచే రెంచ్) తయారీదారు చెప్పినంతే బిగించండి. కొద్ది దూరం నడిపాక మళ్లీ చూడండి, కొన్ని వదులవుతాయి.

• ర్యాక్‌తో కలిపి బండి కొత్త ఎత్తు కొలిచి స్టీరింగ్ దగ్గర అంటించుకోండి.