విటమిన్లు, మూలికా మందులు: ఇబ్బంది మొదలైతే కారణం ఎక్కడ వెతకాలి?

విటమిన్ మాత్రను, మూలికల గుళికను చాలామంది మందుల లెక్కలో వేయరు. ఏ మందులు వాడుతున్నారని వైద్యుడు అడిగితే రక్తపోటు మాత్ర పేరు చెబుతారు, పక్కనే ఉన్న నాలుగు సీసాల సంగతి చెప్పరు. ఆ తర్వాత ఒంట్లో కొత్తగా ఏదైనా తేడా వస్తే కారణం దొరకక పరీక్ష మీద పరీక్ష చేయించుకుంటారు. నా దృష్టిలో ఈ మాత్రల వల్ల జరిగే నష్టంలో పెద్ద భాగం ఈ మౌనం వల్లే జరుగుతోంది.

అందుకే కింది లక్షణాలు చూసే ముందు ఒక పని చేయండి. ఇంట్లో వాడుతున్న సీసాలన్నీ ఒకచోట పెట్టి, లేబుల్ వెనక ఉన్న పదార్థాలు, మోతాదులు కాగితం మీద రాయండి. ఎముకల మాత్రలో, జుట్టు గుళికలో, మల్టీవిటమిన్‌లో, శక్తినిచ్చే పొడిలో ఒకే విటమిన్ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే తక్కువే, రోజు మొత్తం కూడితే హద్దు దాటి ఉండవచ్చు. ఏది ఎప్పుడు మొదలుపెట్టారో కూడా పక్కన రాయండి.

మూత్రం మెరిసే పసుపు రంగులో వస్తోంది

ఇది బీ2, అంటే రైబోఫ్లేవిన్ రంగు. ఒంటికి అక్కరలేని భాగం బయటికి పోతోంది. ఏమీ చేయనక్కరలేదు. అయితే మూత్రం ముదురు టీ రంగులోకి మారితే అది వేరే విషయం. కళ్ళు పచ్చబడటం గురించి కింద రాసింది వెంటనే చదవండి.

కడుపులో తిప్పడం, మలబద్ధకం, నల్లటి మలం

ఐరన్ మాత్ర వేసుకునేవారిలో ఇవి మామూలే. మలం నల్లబడటం వల్ల ప్రమాదం లేదు. కానీ అది తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే, తల తిరుగుతుంటే లోపల రక్తస్రావం జరుగుతోందేమో చూపించుకోవాలి.

కడుపు తట్టుకోలేకపోతే మాత్ర మానేయకుండా రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో వైద్యుణ్ణి అడగండి. ఒక మోతాదు ఐరన్ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది దాదాపు ఒక రోజు పాటు పేగులు ఐరన్‌ను పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. అందువల్ల మధ్యలో ఒక రోజు విరామం ఇచ్చినప్పుడు ప్రతి మాత్ర నుంచీ ఎక్కువ భాగం ఒంటికి అందుతుంది, కడుపుకూ తెరిపి దొరుకుతుంది.

విరేచనాలు అవుతుంటే మెగ్నీషియం, విటమిన్ సీ మోతాదులు చూడండి. పరగడుపున వాంతి వచ్చినట్టు ఉంటే జింక్ కారణం కావచ్చు, భోజనం తర్వాత వేసుకుంటే తగ్గుతుంది.

నెలల తరబడి వాడుతున్నా గుణం కనిపించడం లేదు

ముందు వేళలు సరిచూడండి. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా అందదు. టీ, కాఫీ కూడా ఐరన్‌ను అడ్డుకుంటాయి. కాల్షియం కార్బొనేట్ భోజనంతో పాటు వేసుకోవాలి. ఒక్కసారికి 500 మిల్లీగ్రాములకు మించితే పేగులు పీల్చుకునే భాగం తగ్గిపోతుంది. థైరాయిడ్ మాత్రకు, ఐరన్ లేదా కాల్షియం మాత్రకు మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మాత్ర సరిగా పనిచేయదు, మోతాదు చాలడం లేదనుకుని పెంచేస్తారు.

వేళలు సరిగానే ఉంటే అసలు లోపం అదేనా అని ఆలోచించాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడుతుంటారు. ఆరోగ్యంగా ఉన్నవారిలో బయోటిన్ లోపం చాలా అరుదు. జుట్టు రాలడానికి థైరాయిడ్ సమస్యో, రక్తహీనతో, ఈమధ్య వచ్చిన జ్వరమో కారణమైతే ఆ గుళిక ఎన్నాళ్ళు మింగినా ప్రయోజనం ఉండదు.

ఒంట్లో బాగానే ఉంది, రక్తపరీక్ష మాత్రం తేడాగా వచ్చింది

ఇదీ బయోటిన్ పనే కావచ్చు. పెద్దలకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. జుట్టు, గోళ్ళ కోసం అమ్మే గుళికల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములు కూడా ఉంటాయి. చాలా ప్రయోగశాలల పరీక్షలు బయోటిన్ ఆధారంగా పనిచేస్తాయి కనుక రక్తంలో అది ఎక్కువైతే లెక్క తప్పుతుంది. థైరాయిడ్ సమస్య లేనివారికి అది ఉన్నట్టు చూపవచ్చు. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఈ విషయంపై హెచ్చరిక జారీ చేసింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి, మోతాదు ఎక్కువైతే ఎన్ని రోజులో అడిగి తెలుసుకోండి. అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే బయోటిన్ వాడుతున్నానని నోరు తెరిచి చెప్పండి.

అరికాళ్ళు, వేళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయి, మంటగా ఉంది

విటమిన్ల వైపు నుంచి చూస్తే దీనికి ముఖ్యంగా రెండు కారణాలున్నాయి, రెండూ పూర్తిగా ఎదురెదురు దిక్కులవి. బీ12 తక్కువైనా నరాలు దెబ్బతింటాయి, బీ6 ఎక్కువైనా దెబ్బతింటాయి. తిమ్మిరి రాగానే నరాల బలానికని బీకాంప్లెక్స్ తెచ్చుకుంటారు. అందులోనే బీ6 ఉంటుంది. కారణం బీ6 అయితే మందే రోగాన్ని పెంచుతుంది. పెద్దలకు బీ6 రోజుకు 2 మిల్లీగ్రాముల లోపే అవసరం. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దలకు గరిష్ఠ పరిమితిని 12 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. ఒక్క మాత్రలోనే 50, 100 మిల్లీగ్రాములున్నవి దొరుకుతున్నాయి. కూడిక ఎక్కువని తేలితే ఆపేయండి. చాలామందిలో తిమ్మిరి నెమ్మదిగా తగ్గుతుంది, నెలలు పట్టవచ్చు.

మాంసం, గుడ్లు, పాలు ఏవీ తిననివారు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారు, వయసు మళ్ళినవారు బీ12 పరీక్ష చేయించుకోవాలి. బీ12 లోపం ఉండగా ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఎక్కువగా వాడితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల చెడిపోతూనే ఉంటాయి.

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, తికమక

విటమిన్ డీ మితిమీరి రక్తంలో కాల్షియం పెరిగినప్పుడు ఇలా అవుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు వారానికి ఒకసారి వేసుకోవాల్సిన పెద్ద మోతాదును రోజూ వేసుకోవడం, లేదా వారాల కోర్సు ముగిశాక కూడా కొనసాగించడం. పర్యవేక్షణ లేకుండా పెద్దలు రోజుకు 4,000 యూనిట్లు (లేబుల్ మీద ఐయూ) మించకూడదు. డీ విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది కనుక ఆపిన తర్వాత కూడా ప్రభావం వారాలు, నెలలు ఉంటుంది. మాత్ర మానేసి ఊరుకోకుండా కాల్షియం, మూత్రపిండాల పరీక్షలు అదే రోజు చేయించాలి.

కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా దురద, ఆకలి లేదు

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. అరచేతులు పసుపుగా మారి కళ్ళు తెల్లగానే ఉంటే అది బీటా కెరోటిన్ వల్ల వచ్చిన రంగు, దానంతట అదే పోతుంది. (పొగతాగేవారు మాత్రం బీటా కెరోటిన్ మాత్రలు వాడకూడదు. వారిలో అవి ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పెంచాయని ఫిన్లాండ్‌లో జరిగిన పెద్ద అధ్యయనం 1994లో తేల్చింది.) కళ్ళు కూడా పచ్చబడితే దెబ్బతిన్నది కాలేయం.

చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే అన్న ధీమా ఇక్కడే ప్రాణం మీదికి తెస్తుంది. గ్రీన్ టీ సారం, అశ్వగంధ, తిప్పతీగ, మిరియాల సారం కలిపిన పసుపు గుళికలు – వీటన్నిటితోనూ కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వంటలో వేసే పసుపుకు, దాని సారాన్ని గాఢంగా చేసి, పేగులు ఎక్కువగా పీల్చుకునేలా తయారు చేసిన గుళికకు పోలిక లేదు. గ్రీన్ టీ సంగతీ అంతే. ఆ సారంలోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయపు ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో ప్రకటించింది.

మూలికలన్నీ ఆపేసి, సీసాలతో సహా వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. నయమయ్యాక అదే మూలికను తక్కువ మోతాదులో కూడా మళ్ళీ ప్రయత్నించకండి. రెండోసారి దెబ్బ మరింత తీవ్రంగా ఉండవచ్చు.

పాత మందు ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది, లేదా మితిమీరి పనిచేస్తోంది

దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కాలేయంలో మందులను విరిచే ఎంజైములను రెచ్చగొడుతుంది. గర్భనిరోధక మాత్రలు, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, హెచ్‌ఐవీ మందులు రక్తంలో నిలవవు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారికి విటమిన్ కే ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. జింకో అనే మూలిక రక్తస్రావం ముప్పును పెంచవచ్చు. అతిమధురం ఎక్కువ కాలం వాడితే పొటాషియం పడిపోయి రక్తపోటు ఎగబాకుతుంది. ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే మూలికల జాబితా వైద్యుడికి ఇవ్వండి.

మూలికల మందు రెండు రోజుల్లోనే అద్భుతంగా పనిచేసింది

దీన్ని కూడా సమస్యగానే చూడమంటాను. కీళ్ళనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు, బరువు తగ్గించే గుళికల్లో ఆకలిని చంపే సిబుట్రమిన్ అనే మందు, లైంగిక శక్తి మందుల్లో వయాగ్రాలో ఉండే సిల్డెనఫిల్ రహస్యంగా కలిపి అమ్మినట్టు అనేక దేశాల తనిఖీల్లో బయటపడింది. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంటే స్టెరాయిడ్‌ను అనుమానించాలి. అలాంటి మందును చాలాకాలం వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, వైద్యుడి పర్యవేక్షణలో తగ్గించుకుంటూ రావాలి.

భయపడి అన్నీ మానేశారు

ఇది కూడా పొరపాటే. గర్భం ధరించడానికి ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డకు వెన్నుపాము, మెదడు లోపాలు వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. జంతు ఆహారం ఏదీ తిననివారికి బీ12 తప్పనిసరి. నిరూపితమైన లోపానికి వైద్యుడు రాసిన ఐరన్, డీ కూడా మానకూడదు. మీరు రాసుకున్న జాబితాలో ప్రతి పేరు పక్కన ఎవరు రాశారు, ఏ పరీక్ష చూసి రాశారు అన్నది నింపండి. జవాబు లేనివాటి గురించి ముందుగా అడగండి.

పిల్లవాడు ఐరన్ మాత్రలు మింగేశాడు

వాంతులు మొదలయ్యేదాకా ఆగకండి. కొన్ని గంటల తర్వాత తగ్గినట్టు కనిపించి, మళ్ళీ ఒక్కసారిగా విషమించడం ఐరన్ విషప్రభావపు లక్షణం. బలవంతంగా వాంతి చేయించవద్దు. ఎన్ని మాత్రలు తగ్గాయో లెక్కచూసి, సీసా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.