వైద్య విద్యార్థులకు ఉపకార వేతన నిధి: పూర్వ విద్యార్థుల బ్యాచ్ ఒకటి దానిని ఎలా నెలకొల్పాలి

ప్రభుత్వ వైద్య కళాశాలలో కన్వీనర్ కోటా (నీట్ ర్యాంకును బట్టి ప్రభుత్వం తరఫున భర్తీ చేసే సీట్లు) కింద ఎంబీబీఎస్ సీటు దక్కిన విద్యార్థికి ట్యూషన్ ఫీజు, ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా, ఏడాదికి 10,000 నుంచి 15,000 రూపాయల స్థాయిలోనే ఉంటుంది. అర్హత ఉన్నవారికి ఆ మొత్తాన్ని కూడా ప్రభుత్వమే తిరిగి చెల్లిస్తుంది. అందుచేత ఉపకార వేతనం ఇవ్వదలచిన పూర్వ విద్యార్థులు మొదట ఫీజు సంగతి పక్కన పెట్టి, ఫీజు రసీదులో కనిపించని ఖర్చులను లెక్క వేయాలి. మెస్ బిల్లు నెలనెలా కట్టాలి. చేరిన వారంలోనే కాషన్ డిపాజిట్ (కళాశాల వద్ద ఉంచే హామీ సొమ్ము), విశ్వవిద్యాలయ రుసుములు, ఏప్రన్లు, డిసెక్షన్ కిట్, అనాటమీ పుస్తకాలు, బోన్ సెట్ (చదువు కోసం వాడే ఎముకల జత) అన్నీ ఒకేసారి మీదపడతాయి. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఎంత కచ్చితంగా వచ్చినా ఆలస్యంగా వస్తుంది. మెస్ కార్యదర్శి మాత్రం ఆలస్యాన్ని ఒప్పుకోడు. కౌలు రైతు బిడ్డ గాని, గురుకులంలో చదివి నీట్‌లో ర్యాంకు తెచ్చుకున్న పిల్ల గాని వడ్డీకి అప్పు చేసేది ఈ చోటనే. మీ నిధి పూడ్చవలసిన గుంట ఇదే.

ప్రైవేటు కళాశాలల్లో యాజమాన్య కోటా సీటుకు ఏడాదికి లక్షల్లో ఉండే ఫీజును ఒక బ్యాచ్ పూనుకుని భరించడం సాధ్యమయ్యే పని కాదు. అటువంటి విద్యార్థికి విద్యా రుణమే దారి. 2024లో కేంద్రం ప్రకటించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, కుటుంబ వార్షిక ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే ఆ పథకం ఎంపిక చేసిన ఉన్నత విద్యా సంస్థలకే వర్తిస్తుంది కనుక, తమ కళాశాల ఆ జాబితాలో ఉన్నదో లేదో విద్యార్థి ముందే చూసుకోవాలి.

ఇక లెక్కకు వద్దాం. ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ (ఆసుపత్రిలో చేసే తప్పనిసరి శిక్షణ). హౌస్ సర్జన్లకు స్టైపెండ్ వస్తుంది కాబట్టి మన బాధ్యత నాలుగున్నరేళ్ల వరకే, అంటే 54 నెలలు. నెలకు 4,000 రూపాయల చొప్పున 2,16,000, చేరేటప్పటి ఖర్చులకు మరో 15,000 కలిపితే ఒక్కో విద్యార్థికి 2,31,000 రూపాయలు అవసరమవుతాయి. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవి. మీ కళాశాల హాస్టల్లో ఈ ఏడాది మెస్ బిల్లు ఎంత వస్తున్నదో ఇప్పుడు చదువుతున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులను అడిగి వాటిని సవరించుకోవాలి. 33 మంది సహాధ్యాయులు తలా 7,000 వేసుకుంటే ఒక విద్యార్థి చదువు మొత్తం గడిచిపోతుంది.

చాలా నిధులు తడబడేది ఆ తర్వాతి మెట్టులో. ఏటా ఒక కొత్త విద్యార్థిని చేర్చుకుంటూ పోతే, మొదటి ఏడాది ఒక్కరే ఉన్నా, ఐదో ఏడాదికి ఐదుగురు మన మీద ఆధారపడి ఉంటారు. మొదటి ఏడాది ఉత్సాహంలో ముగ్గురిని తీసుకుని, రెండో ఏడాది మరో ముగ్గురిని తీసుకుని, మూడో ఏడాది చందాలు తగ్గగానే పాతవారికి కోత పెట్టిన నిధి ఆ పిల్లలకు మేలుకన్నా కీడే ఎక్కువ చేసినట్టు. ఏడాదికి ఒక్కరి చొప్పున క్రమం కుదిరాక సాలీనా ఖర్చు కూడా సుమారు 2,31,000 వద్దే నిలుస్తుంది. ఆ మొత్తాన్ని వడ్డీతోనే నడపాలంటే, 6.5 శాతం వడ్డీ లెక్కన, వచ్చిన వడ్డీలో 15 శాతం తిరిగి అసలులో కలుపుతూ పోయే పక్షంలో, 42 లక్షల రూపాయల మూలనిధి ఉండాలి. అంత సొమ్ము ఒక్కసారి పోగుకాదు. కాబట్టి తొలి ఐదేళ్లు ఏటా చందాలతో నడుపుతూ, ఆ పక్కనే మూలనిధిని పెంచుకుంటూ పోవడం మంచిది. ఒక నియమం మాత్రం మినిట్స్ పుస్తకంలో రాసిపెట్టుకోవాలి: ఒక విద్యార్థికి 54 నెలలకు సరిపడా సొమ్ము చేతిలో ఉన్నప్పుడే ఆ విద్యార్థికి మాట ఇవ్వాలి.

సంస్థ రూపం విషయంలో రెండు మార్గాలున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి; ట్రస్టుకైతే ఇద్దరు ముగ్గురు ట్రస్టీలతో డీడ్ రాసుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించుకోవచ్చు. సొసైటీలో ఎన్నికలు, పదవులు వస్తాయి, పదవుల వెంట తగాదాలు వస్తాయి. ఒకే పనికి పెట్టుకునే నిధికి ట్రస్టే నయమని నా అభిప్రాయం. డీడ్ రాయించేటప్పుడు రెండు మాటలు మరువకూడదు. ఒకటి, బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతోనే నడవాలి. రెండు, ఎప్పుడైనా ట్రస్టును మూసివేయవలసి వస్తే మిగిలిన సొమ్ము ఇటువంటి ఆశయమే ఉన్న మరో ధర్మసంస్థకు చేరాలి తప్ప ట్రస్టీలు పంచుకోకూడదు.

రిజిస్ట్రేషన్ కాగానే పాన్ తీసుకుని, ఆదాయపు పన్ను శాఖ వద్ద ధర్మసంస్థగా నమోదు చేయించుకోవాలి. 1961 నాటి చట్టంలో దీనికి 12ఏబీ, దాతల మినహాయింపుకు 80జి సెక్షన్లు ఉండేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు వేరు కనుక దరఖాస్తు నింపే ముందు ఆడిటరును సంప్రదించడం తప్పనిసరి. సంఖ్యలు ఎలా ఉన్నా దాతలకు ముందే చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. 2,000 రూపాయలు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి అసలు ఈ మినహాయింపే వర్తించదు. మూలనిధి కోసం ఇచ్చే సొమ్మును "ఇది మూలనిధికే" అని దాత రాతపూర్వకంగా పేర్కొనాలి. అలా పేర్కొనకపోతే అది ఆ ఏటి ఆదాయంలో కలిసి, అందులో 85 శాతం సాధారణంగా ఆ సంవత్సరంలోనే ఖర్చు చేయవలసి వస్తుంది.

మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. తల్లిదండ్రుల పేరిట పెద్ద మొత్తం ఇవ్వడానికి ముందుకొచ్చే దాత, "మా కులం పిల్లలకే ఇవ్వాలి" అని షరతు పెడతాడు. ఒక కులానికో మతానికో పరిమితమైన నిధికిచ్చే విరాళానికి ఈ పన్ను మినహాయింపు దొరకదు. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన నిధులకు మాత్రం ఆ అడ్డంకి లేదు. ట్రస్టీల బంధువులకు, పెద్ద దాతల బంధువులకు మేలు చేకూర్చే ఏర్పాటును కూడా చట్టం ఒప్పుకోదు. ఇటువంటి షరతులను మర్యాదగా, మొదటి సమావేశంలోనే తోసిపుచ్చడం ఉత్తమం. తల్లిదండ్రుల పేరు ఉపకార వేతనానికి పెడతామంటే చాలామంది దాతలు ఒప్పుకుంటారు.

విదేశాల నుంచి వచ్చే సొమ్ము దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగు వైద్యులు తాము చదివిన కళాశాలలకు చేసిన సాయం చిన్నది కాదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో మాతాశిశు విభాగం భవనానికి ఆ కళాశాల పూర్వ విద్యార్థులు అక్కడి నుంచే నిధులు సమకూర్చారు. (భవనానికి దాత పేరుతో శిలాఫలకం ఉంటుంది, మెస్ బిల్లుకు ఉండదు; విద్యార్థుల నిధికి చందాలు అడిగేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.) భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, అతని సొమ్ము విదేశీ విరాళమే అవుతుంది. దానిని స్వీకరించాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సాధారణంగా సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాలపై 15 లక్షల ఖర్చు చూపించవలసి ఉంటుంది. సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే ముందు చేరాలి. రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థ పేరిట తెప్పించుకుని మన ట్రస్టుకు మళ్లించుకుందామన్న ఆలోచనకు 2020 సవరణ తలుపులు మూసేసింది. కాబట్టి కొత్త ట్రస్టు తొలి మూడేళ్లు భారత పౌరుల చందాలతోనే నడవడం క్షేమం. చందా పంపే ప్రతి ప్రవాసి దగ్గర పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైలులో ఉంచాలి.

విద్యార్థుల ఎంపికలో ర్యాంకుకు ప్రాధాన్యం ఇవ్వవలసిన పనిలేదు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చిందంటేనే ఆ విద్యార్థి ప్రతిభ రుజువైపోయింది. ఇక చూడవలసింది అవసరమే. ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగాలి గాని దాని మీదనే ఆధారపడకూడదు, ఎందుకంటే దరఖాస్తుదారులందరి పత్రాల్లోనూ అంకెలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఇంట్లో సంపాదించేవారు ఎందరు, సొంత భూమా కౌలా, ఇంకా చదువుతున్న తమ్ముళ్లు చెల్లెళ్లు ఎందరు, ఇప్పటికే ఉన్న అప్పు ఎంత అన్న ప్రశ్నలకు విద్యార్థి తెలుగులో స్వయంగా రాసిన రెండు పేజీల జవాబు ఎక్కువ సంగతులు చెబుతుంది. ఆపైన తల్లితోనో తండ్రితోనో ఫోనులో పది నిమిషాలు మాట్లాడితే చాలావరకు తేలిపోతుంది. సీటు కేటాయింపు ఉత్తర్వు, బోనఫైడ్ సర్టిఫికెట్, విద్యార్థి పేరిట ఉన్న బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఇవి మూడూ తప్పనిసరి. ప్రభుత్వ ఉపకార వేతనాల్లో కొన్నింటికి, వేరే స్కాలర్‌షిప్ తీసుకోరాదన్న నిబంధన ఉంటుంది. మనమిచ్చే 4,000 కోసం విద్యార్థి అంతకన్నా పెద్దదాన్ని పోగొట్టుకోకుండా ఆ నిబంధనలను ముందే చదివించాలి.

సొమ్మును కళాశాల ఖాతాకు కాక విద్యార్థి ఖాతాకే, ప్రతి నెలా ఐదో తేదీలోగా వేయాలి. చేరేటప్పటి 15,000 మాత్రం సీటు ఖరారైన వారంలోనే అందాలి. డిసెంబరులో సభ పెట్టి ఇచ్చే చెక్కు సెప్టెంబరులో చేసిన అప్పును ఆపలేదు. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి ఫోటో తీయించి పత్రికలకు పంపడం నాకు బొత్తిగా నచ్చని ఆచారం, ఎందుకంటే ఆ ఫోటో తోటి విద్యార్థుల ఫోన్లలో ఐదేళ్లు తిరుగుతుంది. దాతలకు పేర్లు లేని నివేదిక చాలు.

పొడిగింపు షరతులు సులువుగా ఉండాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి మొదటి ఏడాది అనాటమీలోనో బయోకెమిస్ట్రీలోనో ఒకసారి తప్పడం కొత్తేమీ కాదు. మొదటి సంవత్సరం పరీక్షకు జాతీయ వైద్య కమిషన్ నిబంధనలే నాలుగు ప్రయత్నాలు అనుమతిస్తున్నప్పుడు మనం ఒక్క సప్లిమెంటరీకే సాయం ఆపడం న్యాయం కాదు. పరీక్షకు కూర్చోవడానికి థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఎలాగూ కావాలి; ఆ హాజరు ఉన్నంతకాలం సాయం కొనసాగించాలి. తప్పినవారిని అదే కళాశాలలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థి ఒకరికి అప్పగించి, వారానికొకసారి కూర్చోబెట్టి చదివించే ఏర్పాటు చేస్తే డబ్బుకన్నా ఎక్కువ పని జరుగుతుంది. చదువు ముగిశాక తిరిగి కట్టాలనో, ఫలానా ఊళ్లో పనిచేయాలనో బాండ్లు రాయించుకోవద్దు. వాటిని అమలు చేయించే ఓపిక ట్రస్టుకు ఉండదు. విద్యార్థి మాత్రం ఐదేళ్లూ రుణగ్రస్థుడిలా తలవంచుకుని తిరగాలి. హౌస్ సర్జన్సీ పూర్తయిన రోజున చందాదారుల జాబితాను పంపి, ఇష్టమైతే పేరు చేర్చుకోమని ఒక్కసారి అడిగితే సరిపోతుంది.