వానలకు ముందు కారు బ్యాటరీ విప్పి కడుగుతున్నారా? ఇవి చూసుకోండి

ఎండలకు మన నల్లగొండ దిక్కు బ్యాటరీలు బాగా దెబ్బతింటాయి, అందుకే జూన్ రాకముందే చాలామంది విప్పి శుభ్రం చేస్తారు.

• ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ (వైరు బిగించే కొన) అస్సలు తీయొద్దు. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కాలిపోతే వేలల్లో ఖర్చు. ప్లస్, మైనస్ తారుమారు చేసినా అంతే.

• విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. అప్పుడు పానా పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ కాదు.

• తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని తినే సోడా నీళ్లతో, పాత బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు మూతల్లోకి పోతే లోపలి యాసిడ్ పాడవుతుంది.

• టెర్మినల్‌కు వైరును పట్టి ఉంచే క్లాంపు చేత్తో తిప్పి చూడండి. కొద్దిగా కదిలినా స్టార్ట్ కాకపోవచ్చు, టక్ టక్ మనొచ్చు. మొన్న దేవరకొండ రోడ్డు మీద నాకు అదే అయింది, పిల్లలతో ఎండలో గంట నిలబడ్డాం.

• బ్యాటరీ మళ్లీ బిగించాక ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ నడక) ఎగుడుదిగుడుగా ఉంటే టెన్షన్ పడొద్దు, ఈసీయూ మరిచిన లెక్కలు మళ్లీ నేర్చుకుంటుంది, కొన్ని కిలోమీటర్లు నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. చెక్ ఇంజిన్ లైట్ ఆరకపోతే మాత్రం స్కాన్ చేయించండి.