బ్రహ్మోత్సవాలు, ముసుర్లు ముందున్నాయి: తిరుపతిలో సైకిలు తొక్కేవాళ్లకు, వాళ్ల పక్కన బండి నడిపేవాళ్లకు

వినాయకుడి నిమజ్జనాలు అయిపోతే మన ఊళ్లో సైకిలు తొక్కేవాళ్లకు అసలు కాలం మొదలైనట్టే. ముందు కొండమీద బ్రహ్మోత్సవాలు. అధికమాసం పడిన ఏడైతే అవి రెండుసార్లు. వాటి వెనకే ఈశాన్య రుతుపవనాల వానలు, కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, పంచమీతీర్థం, ఆ తర్వాత వైకుంఠ ఏకాదశి. ఈ మూడు నాలుగు నెలలూ రోడ్ల మీద ఊరి దారి తెలిసిన బండ్లకంటే తెలియని బండ్లే ఎక్కువ తిరుగుతున్నట్టు ఉంటుంది.

నేను మంగళం వైపు నుంచి లీలామహల్ సర్కిల్ మీదుగా రోజూ సైకిల్లో పనికి పోతాను. ఆదివారం మా బావమరిది కారు నడుపుతాను. కాబట్టి రెండువైపుల తిట్లూ నాకు కంఠతా వచ్చు. కార్లో కూర్చున్న పూట సైకిలోళ్లు నా కంటికీ అడ్డంగానే కనిపిస్తారు, దాచడమెందుకు.

పోయిన బ్రహ్మోత్సవాలప్పుడు లీలామహల్ దగ్గర ఒక టాక్సీ నన్ను ఒరుసుకుంటూ పోయింది. హ్యాండిల్ తగిలి తూలాను. ముందర సిగ్నల్లో అందుకుని బానెట్ మీద గట్టిగా చరిచాను. డ్రైవరు దిగాడు, నేనూ సైకిలుకు స్టాండ్ వేశాను, పదిమంది మూగారు. అతని చేతిలో ఫోను, ఫోన్లో మ్యాపు. తిట్టుకుంటూనే "ఇంతకీ అలిపిరికి ఎట్ల పోవాల సామీ?" అన్నాడు. నేనూ తిట్టుకుంటూనే దారి చెప్పాను. ఆరోజు నాకు అర్థమైంది ఏమిటంటే, అతను నన్ను చూసి కూడా గుద్దలేదు, అసలు చూడనే లేదు. యాభై వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు మ్యాపు చూశాడంటే రెండు బస్సుల పొడవు కంటే ఎక్కువ దూరం కళ్లు మూసుకుని నడిపినట్టే. అందుకే ఈ సీజన్లో నా జాగ్రత్తలన్నీ ఒక్క లెక్క మీద నడుస్తాయి: వెనకొచ్చేవాడు మనల్ని ఇంకా చూడలేదు.

బ్రహ్మోత్సవాలకు ఒక వారం ముందే సైకిలును షాపుకు తోలుకుపోండి. బ్రేకు రబ్బర్లు అరిగిపోయి ఇనుము రిమ్ముకు తగులుతుంటే వెంటనే మార్పించండి. ఎండలో పనిచేసే అరిగిన రబ్బరు వానలో అసలు పట్టదు. వెనక మడ్‌గార్డ్ మీద ఎర్ర రిఫ్లెక్టర్ పగిలిపోయుంటే అది లేనట్టే లెక్క. పెడళ్లకు రెండు వైపులా రేడియం స్టిక్కర్ ముక్కలు అంటించండి. పైకీ కిందకీ ఊగే వెలుగు కాబట్టి వెనకనుంచి చూసేవాడికి అది సైకిలని ఇట్టే తెలిసిపోతుంది. క్యారియర్ మీద గంపో పాల క్యానో కట్టేవాళ్లు వెనక రిఫ్లెక్టర్ కనిపిస్తుందో లేదో ఒకసారి దిగి వెనక్కి నడిచి చూసుకోండి. మా వీధికి పూలు తెచ్చే పెద్దాయన గంపమీద కప్పే తడిగోనె సరిగ్గా రిఫ్లెక్టర్ మీదికి వేలాడుతుండేది. చెప్తే నవ్వి, గోనెను మడిచి లోపలికి దోపాడు. అంతే పని.

తెల్లవారుజామున పాలు, పేపర్లు, పూలు వేసేవాళ్లకు ఈ కాలంలో ముప్పు అందరికంటే ఎక్కువ. బెంగళూరు నుంచి ఇక్కడికి సుమారు 250 కిలోమీటర్లు. అర్ధరాత్రి బయల్దేరితే సరిగ్గా నాలుగు, ఐదు గంటలకు ఊళ్లోకి వస్తారు. డ్రైవరు కళ్లు మూతలు పడుతుంటాయి, వెనక సీట్లో అందరూ నిద్ర. ఆ వేళ ఒక బండి తిన్నగా పోకుండా కొంచెం కొంచెం అటూ ఇటూ జరుగుతుంటే పంతానికి పోకుండా దిగి పక్కకు నిలబడండి.

ఇక రోడ్డులో ఎక్కడ తొక్కాలన్న సంగతి. ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి. "మూలకు పోవచ్చు కదప్పా" అని కారువాళ్లు అంటారు. మూలన ఏముందో వాళ్లకు తెలియదు: ఇసుక, గాజు పెంకులు, డ్రైనేజీ జల్లెడ, ఆగి ఉన్న ఆటో. పైగా మరీ అంచుకు పోతే వెనకవాడికి సందు కనిపిస్తుంది, ఆ సందులోంచి దూరతాడు. అంచునుంచి ఒక మూర ఎడంగా, గీత గీసినట్టు తిన్నగా తొక్కండి. ఆగి ఉన్న బండ్ల వరుస పక్కన పోయేటప్పుడు తలుపంత దూరం వదలండి. కపిలతీర్థం రోడ్డులో యాత్రికులు దిగేది ఎట్లాగో చూశారు కదా, కారు పూర్తిగా ఆగకముందే తలుపు బార్లా తెరుస్తారు. ఫ్లైఓవర్ కపిలతీర్థం వైపు దిగేచోట పైనుంచి వేగంగా దిగే బండ్లూ కిందనుంచి వచ్చే మనమూ కలుస్తాం. అక్కడ భుజం మీదుగా వెనక్కి ఒక చూపు చూడకుండా ఎడమనుంచి కుడికి జరగొద్దు. ఫ్లైఓవర్ పైన నేను తొక్కను. కింద సిగ్నల్ పడితే పడనీ అనుకుంటాను.

బస్సుల గురించి విడిగా చెప్పాలి. బస్సు ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రం ముందు చక్రం దారిలో పోదు. మూలను కోసుకుంటూ లోపలికి వస్తుంది. సిగ్నల్లో ఆగిన బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందు ఎంత ఖాళీగా కనిపించినా అందులోకి దూరకండి, పచ్చలైటు పడగానే అదే ఉచ్చు అవుతుంది. డ్రైవరు అద్దంలో మీకు అతని ముఖం కనపడకపోతే అతనికీ మీరు కనపడరు. ఇంకొకటి, 2022 నుంచి తిరుమలకు కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. డీజిలు బస్సైతే ఇంజను మోతతో వెనకనుంచే తెలిసేది, ఇవి టైర్ల సవ్వడి తప్ప మరేమీ లేకుండా పక్కకు వచ్చేస్తాయి. చెవుల్లో పాటలు పెట్టుకుని తొక్కే కుర్రోళ్లకు ఇంతకంటే చెప్పను.

వానలు పడ్డాక లెక్క మారుతుంది. రిమ్ము తడిస్తే బ్రేకు మొదటి రెండు మూడు తిరుగుళ్లు పట్టదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడుతుంది. అందుకే ఆపాల్సిన చోటుకు చాలా ముందే కొంచెం కొంచెం నొక్కుతూ రిమ్మును తుడవాలి. తొలివాన పడిన పది నిమిషాలు నూనె, దుమ్ము కలిసి రోడ్డు జారుడుబండే. తెల్ల గీతలు, ఇనుప మూతలు, ఆవు పేడ మీద హ్యాండిల్ తిప్పొద్దు. గొడుగు పట్టుకుని ఒంటిచేత్తో తొక్కే విద్య మా నాయన తరానిది, ఆయన రోజుల్లో రోడ్డుకు ఇన్ని బండ్లు లేవు. రెయిన్‌కోటు టోపీ చెవులు, పక్కచూపు రెండూ మూసేస్తుంది, దానికంటే మామూలు క్యాప్ పెట్టుకుని తడవడం మేలు.

వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచిందంటే సైకిలు దిగి వెనక్కి తిరగండి. ముందర జీపు పోయింది కదా అని పోవద్దు. 2021 నవంబరు వానలు చూసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు.

బండి నడిపేవాళ్లకూ నాలుగు మాటలు, ఆదివారం నేనూ వినాల్సినవే. సైకిలు పక్కనుంచి దాటేటప్పుడు అతను గుంత తప్పించబోయి అడుగు దూరం పక్కకు వస్తాడన్న లెక్కతో దాటండి. బ్రిటన్‌లో 2022లో రోడ్డు నిబంధనలు మార్చినప్పుడు గంటకు 48 కిలోమీటర్ల లోపు వేగంలో కూడా కనీసం మీటరున్నర వదలమన్నారు. లీలామహల్ దగ్గర అంత చోటు ఉండదు, నిజమే. చోటు లేకపోతే దాటకుండా వెనకే రండి, యాభై గజాలు పోయాక దొరుకుతుంది. హారను కొట్టాల్సొస్తే దూరంలో ఒకసారి చిన్నగా కొట్టండి. చెవి పక్కకు వచ్చి పొడుగ్గా మోగిస్తే ఎంతటివాడైనా ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పేస్తాడు. కుడి తలుపును ఎడమ చేత్తో తెరవండి, ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చేవాడు కనిపిస్తాడు. నెదర్లాండ్స్‌లో ఇది అలవాటట. టాక్సీవాళ్లు కుడివైపు వెనక తలుపుకు చైల్డ్ లాక్ వేసి యాత్రికుల్ని ఎడమవైపే దించితే సగం ప్రమాదం తప్పుతుంది.

సైకిలోళ్లలోనూ తప్పున్నవాళ్లు లేకపోలేదు. ఎదురు దిక్కులో వచ్చేవాళ్లు, ఎర్రలైటుకు మాకేం లైసెన్సా అని దాటేసేవాళ్లు. ఒక్కడు చేస్తే ఆ కోపం వెనకొచ్చే పదిమంది మీద పడుతుంది.

గొడవైతే రోడ్డు మధ్యలో తేల్చుకోవద్దు. నాలా బానెట్ చరచొద్దు, అది తప్పే. నంబరు గుర్తుపెట్టుకుని పక్కకు రండి. దెబ్బ తగిలితే 108కి గానీ 112కి గానీ కొట్టండి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత. సాయం చేసిన దారినపోయేవాణ్ని కేసుల్లో ఇరికించకుండా 134ఏ కాపాడుతుంది. మోటారు బండి గుద్దిన ప్రమాదమైతే కేంద్ర ప్రభుత్వం 2025లో తెచ్చిన పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో మొదటి 7 రోజులకు 1.5 లక్షల దాకా డబ్బు కట్టకుండా చికిత్స ఉంది. గుద్దినవాడు దొరక్కుండా పోతే తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు పరిహారం. వీటికి ప్రమాదం సంగతి పోలీసుల రికార్డుకు ఎక్కాలి, కాబట్టి "చిన్న దెబ్బే కదా" అని వదిలేయొద్దు.

గరుడసేవ రోజు అలిపిరి వైపు, పంచమీతీర్థం రోజు తిరుచానూరు వైపు సైకిలు తీయను. ఆ రెండు రోజులూ చైనుకు నూనె పట్టించి గోడకానిస్తాను. గాలి కూడా దించను, ఎందుకంటే మరుసటి పొద్దున మళ్లీ పనికి పోవాల్సిందే.