ఆటలో తెలుగు, 7వ పాఠం: నేను తుడిపించిన కనబడని అక్షరం

ఈ పాఠం అసలు గ్లిఫ్ కాష్ (గ్లిఫ్‌లను, అంటే ఫాంట్‌లోని అక్షర రూపాలను, ఒకసారి గీసి దాచుకునే చోటు) గురించి ఉండాల్సింది. కానీ ఆరో పాఠంలోని స్క్రిప్ట్ నడిపినవాళ్ల ఆటల్లో "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయి కూర్చుంది, "లెవెల్‌లో" పోయి "లెవెల్లో" వచ్చింది. తప్పు మీది కాదు, నాదే. అనువాదాల ఫైళ్లలో కనబడని చెత్త ఏరేయడానికి ఇచ్చిన ఆ నాలుగు లైన్లలో, కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట్లో అతికించే కనబడని అక్షరం, యూనికోడ్ నంబరు 65279తో పాటు 8203 నుంచి 8205 దాకా గుంపుగా తుడిచేయమని రాశాను. ఇంగ్లిష్ ఫైలు మీద నడిపి చూసి, బాగానే ఉందనుకుని మీకిచ్చేశాను.

(యూనికోడ్ నంబర్లు నేను మామూలు లెక్కలోనే చెప్తాను, పదహారంకెల లెక్క (హెక్సాడెసిమల్) నా కళ్లకు ఆనదు. తెలుగు బ్లాక్ 3072 నుంచి 3199 దాకా, అందులో పొల్లు 3149. మీకు రెండోదే అలవాటైతే మార్చుకోండి.)

8203 (వెడల్పు లేని ఖాళీ) పోతే మన తెలుగుకి పెద్ద నష్టం లేదు. 8205 (రెండింటిని కలిపే కనబడని అక్షరం) పోతే కుటుంబం ఎమోజీ విడిపోయి మనుషులు వేరువేరుగా నిలబడతారు, మలయాళంలో పాత పద్ధతిలో టైప్ చేసిన చిల్లక్షరాలు చెడతాయి. మనల్ని ముంచింది 8204 (జీరో విడ్త్ నాన్ జాయినర్, కలవకుండా ఆపే కనబడని అక్షరం). పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తుగా మారి కిందకు పోతుంది, అది తెలుగు రాత తీరు. అలా మారొద్దు, పొల్లు పొల్లుగానే పైన నిలవాలి అంటే మధ్యలో 8204 ఉండాలి. మన సొంత మాటలు ఎక్కువగా అచ్చుతోనే ఆగుతాయి కాబట్టి దీని అవసరం అంతగా తెలియదు. ఆటలో ఉండేవేమో లెవెల్, స్కోర్, కాయిన్, పాయింట్, అన్నీ పొల్లుతో ఆగేవే, వాటి వెనక లో, కి, ని, తో వచ్చి అతుక్కుంటాయి. అందుకే కథల పుస్తకంలో కనబడని ఈ గొడవ ఆటలో ప్రతి స్క్రీన్ మీదా కనబడుతుంది.

పోయినవాటిని ఇంకో స్క్రిప్ట్‌తో తిరిగి పెట్టొచ్చా అంటే, పెట్టలేం. "లెవెల్లో", "పల్లెల్లో" రెండింటి చివరా ఉన్నది అవే అక్షరాలు, మొదటిదానికి విడదీత కావాలి, రెండోదానికి అక్కర్లేదు. ఇది మనిషికి తెలుస్తుంది, రీప్లేస్ కమాండ్‌కి తెలియదు. కాబట్టి గిట్‌లో ఆ కమిట్‌కి ముందున్న అనువాదాల ఫోల్డర్ ఒక్కదాన్నే వెనక్కి తెచ్చుకుని, ఫైలు మొదట్లో ఉన్న 65279 ఒక్కటే తీసేలా స్క్రిప్ట్ మార్చి మళ్లీ నడపండి. గిట్ వాడనివాళ్లకి నా దగ్గర మందు లేదు, కూర్చుని చేత్తో సరిచేసుకోవడమే.

ఇంతకంటే నన్ను విసిగించేది ఒకటుంది, చాలామంది కోడ్‌లో చూశాను. ఆటగాడి పేరు వచ్చే ఖాళీ పెట్టి దాని పక్కనే "కి" అతికించడం. ఇంగ్లిష్ వాక్యంలో ఖాళీ పెడితే పేరు పడుతుంది, పని అయిపోతుంది. ఇక్కడ కాదు. "సీత" అయితే "సీతకి", బాగుంది. "కిరణ్" అయితే "కిరణ్కి", ణకి కవత్తు వచ్చేసింది. సరే, పేరు చివర 3149 ఉండి తర్వాత హల్లు వస్తుంటే మధ్యలో 8204 పెట్టు అని ఒక ఫంక్షన్ రాస్తే "కిరణ్‌కి" అవుతుంది, ఇంతవరకు నేనూ రాశాను. తర్వాత "రాముడు" అని పేరు పెట్టుకున్న పిల్లాడొచ్చాడు: "రాముడుకి 50 కాయిన్లు". "రాముడికి" అనాలి. ఆ తర్వాత "సింహం" వచ్చింది: "సింహంకి". "సింహానికి" అనాలి. ఒకరు తన పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేశారు, అప్పుడు పేరుకి ఒక ఫాంట్, "కి"కి ఇంకో ఫాంట్. హార్ఫ్‌బజ్‌కి (అక్షరాలను ఫాంట్‌లోని రూపాలుగా పేర్చే లైబ్రరీ) ఒక్కసారి ఇచ్చే ముక్కలో ఒకే లిపి, ఒకే ఫాంట్ ఉండాలి కాబట్టి ఆ వాక్యాన్ని ముందే మనమే ముక్కలు చేసి ఇవ్వాలి. ఇవన్నీ దాటినా గెలిచాడా, గెలిచిందా అన్నది మిగిలే ఉంటుంది. ఒక ఆట కోసం తెలుగు వ్యాకరణం మొత్తం కోడ్‌లో రాస్తామా! పేరుకి విభక్తి తగలనివ్వకండి. "విజేత: కిరణ్", కింద లైన్లో "బహుమతి: 50 కాయిన్లు". కొంచెం పొడిగా ఉంటుంది, ఉండనివ్వండి. ఆ ఫంక్షన్ మాత్రం పారేయకండి, లెవెల్ పేర్లు అతికించేచోట పనికొస్తుంది.

ఇక అక్షరం అక్షరం బయటపడే సంభాషణల పెట్టె. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో 6 కోడ్‌పాయింట్లు (విడి నంబరున్న అక్షరాలు), యూటీఎఫ్-8లో 18 బైట్లు. స్ట్రింగ్‌ని కోస్తూ గీస్తే ముందు స, తర్వాత స్, తర్వాత స్త, ఇలా మెలికలు తిరుగుతూ కనబడుతుంది. స్ట్రింగ్‌ని ముట్టుకోకండి. లైను మొత్తాన్ని ఒకేసారి హార్ఫ్‌బజ్‌కి ఇచ్చి, వచ్చిన గ్లిఫ్‌లలో ఒక్కో క్లస్టర్ నంబర్ (కలిసి ఒకే అక్షరంగా కనబడేవాటి గుంపు నంబర్) ఉన్నవాటిని ఒక్కో దఫాలో చూపించండి. ఐసీయూ (యూనికోడ్ పనులు చేసే లైబ్రరీ) కూడా ఈ పని చేస్తుంది, కానీ సంయుక్తాక్షరాన్ని విడగొట్టొద్దనే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది, పాత ఐసీయూ అయితే క్షలోని క్‌ని, షని విడదీసేస్తుంది. పైగా చిన్న ఆటకి అది బరువు, నేను వాడను.

కాష్ సంగతి రెండు ముక్కల్లో: దాచినదాన్ని వెతికే తాళంచెవి (కీ) కోడ్‌పాయింట్ కాదు, ఫాంటు, సైజు, గ్లిఫ్ నంబర్, ఈ మూడూ కలిపి. ఒత్తులకి విడిగా కోడ్‌పాయింట్లు లేవు కదా. ఫాంట్ మాత్రం ఆటతోపాటే పంపండి. విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో, మ్యాక్‌లో కోహినూర్, ఒక్కోదాంట్లో ఒత్తు ఒక్కో లోతుకి దిగుతుంది, ఒకచోట సరిపోయిన బటన్ ఇంకోచోట "లక్ష్మి" కాళ్లు నరికేస్తుంది. నోటో సాన్స్ తెలుగు లైసెన్స్ ఆటలో పెట్టుకోవడానికి ఒప్పుకుంటుంది, నేనదే పెడతాను.

అభ్యాసం. మీ అనువాదాల ఫైల్లో ప్రతి లైనునీ విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ బిల్డుల్లో హార్ఫ్‌బజ్ గుండా పంపి, గ్లిఫ్ నంబర్ల వరసని ఫైల్లో రాయించండి, మూడు ఫైళ్లూ ఒకేలా ఉండాలి. బొమ్మలు తీసి పోల్చకండి, అంచుల నునుపు మారినా టెస్ట్ పడిపోతుంది. తేడా వస్తే ముందు మూడుచోట్లా హార్ఫ్‌బజ్ వెర్షన్, ఫాంట్ ఫైలు ఒకటేనా చూడండి. అవీ ఒకటే అయి, ఇంకా తేడా ఉంటే, ఆ లైను నాకు పంపండి. స్క్రీన్‌షాట్ కాదు, కోడ్‌పాయింట్ల నంబర్లు. 8204 స్క్రీన్‌షాట్‌లో కనబడదు.