పారే నదిలో కాయక్ మీద స్మాల్‌మౌత్ బాస్ వేట

స్మాల్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప. గ్రేట్ లేక్స్, సెయింట్ లారెన్స్, మిసిసిపీ పరీవాహక ప్రాంతాలు దాని సహజ నివాసాలు కాగా, పొటోమాక్ వంటి తూర్పు నదులకు దాన్ని మనుషులే తీసుకువచ్చారు. కంచు రంగు ఒళ్లు, పక్కల నిలువు చారలు, ఎర్రటి కన్ను దీని గుర్తులు. లార్జ్‌మౌత్ బాస్‌కు పై దవడ కంటిని దాటి వెనక్కు సాగితే, దీనికి కంటి దగ్గరే ఆగిపోతుంది. రాతి నేల, చల్లని పారే నీరు దీనికి ఇష్టం. కాయక్ అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ. మోటారు పడవలు రాలేని లోతు తక్కువ రాళ్ల మధ్యకు కూడా అది వెళ్లగలదు కనుక, ఈ వేటకు కాయక్‌ను మించిన వాహనం లేదని నా అభిప్రాయం.

పని ముందురోజే మొదలవుతుంది. అమెరికాలో ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ నదుల నీటిమట్టాన్ని, సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతున్నదన్న లెక్కను ఆన్‌లైన్‌లో చూపుతుంది. ప్రవాహం ఆ తేదీకి మామూలుగా ఉండే స్థాయికి దగ్గరగా ఉంటే బయలుదేరవచ్చు. ఎగువన వాన పడి నీరు వేగంగా పెరుగుతూ, బురదగా మారుతుంటే ప్రయాణం మానుకోవడమే మంచిది. ఎదురు తెడ్డు వేయడం కష్టం కాబట్టి, ప్రయాణం ముగించే రేవులో ఒక కారు, మొదలుపెట్టే రేవులో మరొక కారు ఉంచాలి. ఆగి ఆగి గాలం వేసేవారికి రోజంతటికీ ఎనిమిది, పది కిలోమీటర్లు చాలు. నది ఉన్న రాష్ట్రపు ఫిషింగ్ లైసెన్స్, సీజన్ నిబంధనలు కూడా అప్పుడే చూసుకోవాలి.

సామాను తక్కువగా ఉండడమే మేలు. మధ్యస్థ బిగువు ఉన్న (మీడియం) స్పిన్నింగ్ గాలపు కర్రలు, అంటే రాడ్లు రెండు, ఎనిమిది లేదా పది పౌండ్ల బరువు తట్టుకునే లైన్ (గాలపు దారం), పొడవాటి ముక్కు పటకారు, నీరు చొరని సంచిలో పొడి బట్టలు, తాగునీరు ఉంటే సరిపోతుంది. లైఫ్ జాకెట్‌ను పడవలో పెట్టుకోకుండా ఒంటికి తొడుక్కోవాలి.

ఈ వేటలో అసలు విద్య నీటిని చదవడం. స్మాల్‌మౌత్ ప్రవాహంతో పోరాడుతూ కూర్చోదు. రాయి వెనుక నీరు మందగించిన చోట, తల ఎగువకు పెట్టి, పక్కనే వేగంగా పారే నీరు మోసుకొచ్చే క్రేఫిష్‌లు (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు), చిన్న చేపల కోసం కాచుకుని ఉంటుంది. వేగపు నీరు, నెమ్మది నీరు కలిసే అంచును నురగ గీతగా పైనుంచే గుర్తుపట్టవచ్చు. చాలామంది ప్రవాహంలో కొట్టుకుపోతూ ఎగువ నుంచే ఎర విసురుతారు. లైన్ బిగిసేలోపే పడవ ఆ రాయి మీదికి చేరి, చేప బెదిరిపోతుంది. అందుకు బదులు రాయికి దూరంగా, చప్పుడు లేకుండా దాటిపోయి, దిగువన మరొక రాయి వెనుక నిలకడ నీటిలోకి కాయక్ ముక్కును తిప్పి, అక్కడ ఆగి ఎగువకు విసరాలి. ఎర కూడా సహజమైన ఆహారంలాగే నీటివాలున చేప ముందుకు వస్తుంది.

క్రేఫిష్‌ను పోలిన ట్యూబ్ ఎరను (గొట్టంలాంటి మెత్తని ప్లాస్టిక్ ఎర) ఐదారు గ్రాముల జిగ్‌కు (తల దగ్గర బరువు ఉన్న గాలానికి) తొడిగి, రాయి పక్కన వేసి, అడుగుకు దిగనివ్వండి. లైన్ వదులవగానే రాడ్ కొనను కొద్దిగా లేపి, మళ్లీ దించుతూ ఎరను నేల మీద గెంతించండి. ఎర రాయికి తగిలితే టక్కుమని కొడుతుంది. చేప అందుకుంటే లైన్ మెత్తగా బరువెక్కుతుంది, లేదా పక్కకు జరుగుతుంది. ఆ బరువు తెలిసిన క్షణంలోనే రాడ్ గుంజాలి. చేప గాలిలోకి ఎగిరితే రాడ్ కొన దించి, లైన్ మాత్రం వదులు కాకుండా చూసుకోవాలి. వేసవిలో తెల్లవారుజామున, సాయంత్రం నీటి పైన తేలే ఎరలు బాగా పనిచేస్తాయి. మధ్యాహ్నం నీడలు, లోతైన మడుగులు, రాళ్ల మీద నురగలతో, గాలి కలుస్తూ పారే నీరు వెతకాలి.

ప్రమాదాల విషయంలో మొహమాటం వద్దు. లంగరును పడవ పక్క నుంచి ఎన్నడూ వేయకూడదు, ప్రవాహం పడవను తలకిందులు చేస్తుంది. ముందు లేదా వెనుక కొన నుంచే వేసి, అవసరమైతే తాడు కోయడానికి కత్తి అందుబాటులో ఉంచుకోవాలి. వేగపు నీటిలో అసలు వేయకపోవడమే క్షేమం. పడవ రాయికి అడ్డంగా తగిలితే రాయి వైపే ఒరగాలి. పడిపోయిన చెట్ల కొమ్మలు నీటిని పోనిస్తాయి గాని మనిషిని పోనివ్వవు, కనుక వాటికి దూరంగా ఉండాలి. నదికి అడ్డంగా కట్టిన పొట్టి ఆనకట్ట ఎగువ నుంచి నున్నటి గీతలా కనిపిస్తుంది; దాని కింద తిరగబడే నీరు లైఫ్ జాకెట్ ఉన్నవారిని కూడా పట్టి ఉంచుతుంది. బాగా ముందే ఒడ్డుకు చేరి, పడవను మోసుకుని దాటాలి.

పట్టిన చేపను తడి చేతులతోనే తాకండి. బొటనవేలితో కింది దవడ పట్టుకుని, నీటిలో ఉండగానే పటకారుతో గాలం తీయవచ్చు. నదుల్లో ఇది నెమ్మదిగా పెరుగుతుంది. పెద్ద చేప పదేళ్లు దాటినదై ఉండవచ్చు, అందుకే పెద్దవాటిని వదలమని నేను గట్టిగా చెబుతాను. వదిలేటప్పుడు తల ఎగువకు పెట్టి, తనంతట తాను తోక ఆడించి వెళ్లేవరకు పట్టుకోవాలి. రేవు చేరాక పడవలోని నీటిని అక్కడే పారబోసి, నాచు, బురద కడిగి ఆరబెడితే, ఒక నదిలోని హానికర జీవులు మరో నదికి చేరకుండా ఉంటాయి.