తప్పుదోవ పట్టించే ప్రకటనపై ఆస్కీకి ఫిర్యాదు చేయడం ఎలా?

పోటీ పరీక్షల ఫలితాలు వెలువడిన మరుసటి ఉదయం దినపత్రిక చేతికి తీసుకుంటే, వార్తలకన్నా ముందు ర్యాంకుల ప్రకటనలే కనిపిస్తాయి. ఒకే ర్యాంకును రెండు మూడు సంస్థలు తమదిగా చెప్పుకోవడం కూడా మనకు కొత్త కాదు. అందులో నిజమెంతో తేల్చమని అడగడానికి ఒక చోటు ఉంది. ప్రకటనకర్తలు, ఏజెన్సీలు, మీడియా సంస్థలు కలిసి 1985లో ముంబై కేంద్రంగా ఏర్పాటు చేసుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియానే క్లుప్తంగా ఆస్కీ అంటారు. (హైదరాబాద్‌లో ఈ పేరు వినగానే రాజ్‌భవన్ రోడ్డులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ గుర్తుకొస్తుంది. ఆ ఆస్కీ వేరు.)

వ్యాపారులే పెట్టుకున్న సంస్థ వ్యాపారుల తప్పును ఎలా పడుతుందన్న అనుమానం సహజమే. అయితే ఫిర్యాదులను పరిశీలించే మండలిలో ఎక్కువ మంది ప్రకటనల రంగానికి బయటివారే ఉంటారు. వినియోగదారు ఒక్క రూపాయి కూడా చెల్లించనక్కరలేదు, ఫిర్యాదు చేసిన వారి పేరును ప్రకటనకర్తకు చెప్పరు.

మొదట ప్రకటనను భద్రపరచండి. పత్రికలో వచ్చినదైతే పేరు, తేదీ, ఎడిషన్ కనిపించేలా పేజీ మొత్తాన్ని ఫొటో తీయాలి. టీవీలో వచ్చినదైతే ఛానల్ పేరు, తేదీ, ప్రసార సమయం రాసుకోవాలి. సామాజిక మాధ్యమాల్లోనిదైతే లింకుతో పాటు స్క్రీన్‌షాట్ కూడా తీసుకోవాలి, ఎందుకంటే అలాంటి పోస్టులు తెల్లారేసరికి మాయం కావచ్చు.

తరువాత, మీ అభ్యంతరం ఏ వాక్యం మీదో తేల్చుకోండి. నా ఉద్దేశంలో ఫిర్యాదు నిలిచేదీ వీగిపోయేదీ ఇక్కడే. ‘ఇదంతా మోసం’ అని రాస్తే పరిశీలించడానికి ఏమీ ఉండదు. ‘రాష్ట్రంలో నంబర్ 1 అన్నారు, దేని ఆధారంగానో ఎక్కడా చెప్పలేదు’ అని రాస్తే ప్రకటనకర్త జవాబు చెప్పక తప్పదు. ఆ మాట అబద్ధమని మీరు నిరూపించనక్కరలేదు, నిజమని చూపించాల్సిన బాధ్యత దాన్ని ప్రకటించిన వారిదే. ఉద్యోగం గ్యారంటీ అన్న హామీని, ర్యాంకర్ అసలు ఏ కోర్సులో చదివారో దాచిన ఫొటోను ఇదే దృష్టితో చూడండి. అడుగున ఉండే చిన్న అక్షరాలనూ వదలవద్దు: షరతులు కూడా ప్రకటనలోని హామీ ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలన్నది ఆస్కీ నియమం కాబట్టి, పైన తెలుగులో ఊరించి కింద ఇంగ్లీషులో తప్పించుకున్నా అది అభ్యంతరకరమే.

ఇక ఫిర్యాదు పంపడం తేలిక. ఆస్కీ వెబ్‌సైట్‌లోని ఫారం నింపవచ్చు, లేదా 77100 12345 నంబరుకు వాట్సాప్ చేయవచ్చు. రాజకీయ ప్రకటనలు మాత్రం దాని పరిధిలోకి రావు.

ఆస్కీ ప్రకటనకర్త వివరణ కోరి, ఆ వివరణతో పాటు ఫిర్యాదును మండలి ముందు పెడుతుంది. అభ్యంతరం సమర్థనీయమని తేలితే ప్రకటనను మార్చాలని గానీ ఉపసంహరించుకోవాలని గానీ చెబుతుంది. దానికి జరిమానా వేసే అధికారం లేదు. అయినా ఆస్కీ నియమావళిని ఉల్లంఘించే ప్రకటనను ప్రసారం చేయకూడదని కేబుల్ టెలివిజన్ నిబంధనలు చెబుతున్నందున, టీవీ విషయంలో దాని మాటకు చట్టం అండ ఉంది.

ప్రకటనకర్త మొండికేస్తే, లేదా తప్పు తీవ్రమైనదైతే, 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయండి. ఈ ప్రభుత్వ సంస్థ తయారీదారుకు గానీ, ప్రకటనలో నటించి సిఫారసు చేసిన ప్రముఖునికి గానీ 10 లక్షల రూపాయల వరకు, తప్పు పునరావృతమైతే 50 లక్షల వరకు జరిమానా విధించగలదు. కోచింగ్ సంస్థల ప్రకటనలకు 2024 నవంబరులో ప్రత్యేక మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది.

ప్రకటనను నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారు ఒక తేడా గమనించాలి: ఆస్కీ ప్రకటనను ఆపించగలదే తప్ప డబ్బు వెనక్కి ఇప్పించలేదు. అందుకు ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. అక్కడ పరిష్కారం దొరకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే అక్కడ ఫీజు ఉండదు, కానీ నష్టం జరిగిన 2 సంవత్సరాలలోపే వెళ్లాలి. ఆస్కీ కోసం దాచిన ఫొటోలు, రసీదులు అప్పుడు మళ్లీ అవసరమవుతాయి.